బావకు కనపడని పక్క

మా బావ శ్రీపతి మమ్మల్నందర్నీ అమెరికా రోడ్ల మీద చంపబోతున్నాడని నాకు మే నెల ఆఖరి శనివారం తెలిసింది. తెలిసి తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. నా నోటి గురించి ఈ కంగారూల దేశంలో, మా డార్విన్‌లో తెలుగువాళ్ళనెవర్నడిగినా చెబుతారు, బిందుమాధవి నోరు మూతపడే రకం కాదని. అలాంటి నోరు ఆ తొమ్మిది రోజులూ ఎలా మూతపడిందో చెప్పాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి.

ఆయన రోడ్ల ఇంజనీరు. నరసరావుపేట నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది, ఇక్కడి ప్రభుత్వంలోనే ఉద్యోగం. వానాకాలంలో ఏ కల్వర్టు ముందు మునుగుతుందో, నాలుగేసి ట్రెయిలర్లు లాక్కుంటూ వచ్చే రోడ్ ట్రెయిన్ లారీ ఏ వంపు దగ్గర పక్కకి ఊగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఫైను లేదు. ఎవరింటికి చుట్టాలొచ్చినా కకడూ పార్కు చూపించడానికి, లిచ్‌ఫీల్డ్ జలపాతాలు తిప్పడానికి బావే. స్టీరింగు మాత్రం ఇంకొకరికివ్వడు. మా ఆయన ద్వారకానాథ్‌కి అదేం బాధ లేదు. "నాకెందుకొచ్చిన గొడవ" అని వెనక సీట్లో చేరగిలబడి గురక పెడతాడు. బావ తోలుతుంటే నిద్రపట్టని మనిషిని నేను చూడలేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా అక్క శేషుకుమారిని చేసుకున్నాడు. అప్పటికి మా నాన్న పోయి మూడేళ్ళు. నాకు సైకిలు నేర్పింది బావే, డార్విన్‌కి రప్పించి కారు నేర్పిందీ బావే. ఆయన్ని ఏనాడూ "మీరు" అనలేదు నేను. ఆయనా నన్ను ఏనాడూ ఏడిపించకుండా వదల్లేదు. ఆయన ఒకటంటే నేను రెండంటాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో సగం కబుర్లు ఇవే.

అమెరికా నేషనల్ పార్కులన్నీ బండి మీద తిరగాలన్నది ఆయన పాత కోరిక. మార్చిలో, ఏళ్ళ తరబడి పనిచేసినందుకిచ్చే లాంగ్ సర్వీస్ లీవు పెట్టి, ఆఫీసులో డ్రాయింగులకి వాడే పెద్ద షీట్లు తెచ్చి హాల్లో గోడంతా అతికించాడు. జాయన్, బ్రైస్, ఆర్చెస్, గ్రాండ్ కాన్యన్, పైన యెల్లోస్టోన్. పదిహేడు రోజులు, ఆరుగురు మనుషులు, ఒక వ్యాను, ఒకే డ్రైవరు. రెండు గంటలకొక ఆగుడు, ఆ ఆగుడులో ఎవరు ఏం తినాలో కూడా రాసిపెట్టాడు. మా అక్క ఆ షీటు మూలన పసుపు, కుంకుమ పెట్టింది. పెట్టి ఒక ఆర్డరు వేసింది: ఆ గోడ దగ్గర ఎవరూ చెడ్డమాట అనకూడదు. "టైరు పేలితేనో" అని మా ఆయన నోరు జారితే "తథాస్తు దేవతలు తిరుగుతుంటారు మరిదిగారూ" అని ఆయన చేత చెంపలేయించింది.

దానికి నవ్వాను గానీ అక్కనేమీ అనలేదు. ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న గుంటూరు బస్సెక్కబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని, "ఈ బస్సు వద్దు నాన్నా, నాకు గుండె దడగా ఉంది" అంది. ఆయన నవ్వి ఎక్కాడు. ఆ బస్సు బోల్తా పడింది. "బయల్దేరే మనిషిని పట్టుకుని నోటికొచ్చింది కూశావు గదే" అని అమ్మ పోయేదాకా అక్కని అంటూనే ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఒక్క మాట అన్నందుకు బతుకంతా దోషి అయింది. అప్పట్నుంచీ అక్క ఎవరి ప్రయాణం గురించీ మంచి తప్ప ఇంకో మాట మాట్లాడదు.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరిలో, వానలు ముంచెత్తుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం బావకి విపరీతమైన తలనొప్పి వచ్చింది. కళ్ళముందు ఏవో మెరుపులు అన్నాడట. శొంఠి కాఫీ తాగి నాలుగు గంటలు పడుకుని లేచాడు. తగ్గిందన్నాడు. సరే తగ్గిందనుకున్నాం.

తర్వాతి వారం చెత్తబిన్నుని గుద్దాడు.

"ఏం బావా, బిన్నుతో పాత పగలేమన్నా ఉన్నాయా?" అన్నాను.

"కౌన్సిలోళ్ళు రోడ్డు మజ్జెన పెట్టిపోతే గుద్దక ముద్దెట్టుకుంటానా?" అన్నాడు.

మార్చిలో షాపింగ్ సెంటరు స్తంభానికి తగిలి అద్దం విరిగింది. ఏప్రిల్లో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా పసుపురంగు గీత పడింది. కొత్తగా గీసిన లేన్లు ఇరుకైపోయాయని కౌన్సిలుకి రెండు పేజీల మెయిలు పెట్టాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నేను ఆటపట్టించాను. బిన్ను, అద్దం, గీత, అన్నీ బండికి ఎడమ పక్కే అని నాకు తట్టలేదు. నాకు బుర్ర లేదు, నోరొక్కటే ఉంది.

భోజనాల దగ్గరా అంతే. మా ఇళ్ళల్లో కంచానికి ఎడమన ఆవకాయ, ఉప్పు, పొడి వడ్డించడం అలవాటు. ఆవకాయ లేకుండా ముద్ద దిగని మనిషి ముట్టకుండా లేవడం మొదలుపెట్టాడు. మేం బాధపడాల్సింది పోయి సంబరపడ్డాం. "బీపీ అని డాక్టరు పదేళ్ళుగా మొత్తుకుంటున్నాడు, ఇప్పటికి బుద్ధొచ్చింది బావకి" అని నేనే నలుగురికీ చెప్పాను. ఆయన వింతగా చూశాడు. "నువ్వు వడ్డిస్తే గదే తినటానికి" అన్నాడు. అది కూడా పరాచికమే అనుకున్నాను.

గోడ మీద ప్లాను కూడా రోజురోజుకీ కుడివైపుకి జరిగింది. షీటుకి ఎడమన మూరెడు మేర ఒక్క గీత లేదు. యూనివర్సిటీలో చదువుకునే మా సాహిత్య, అక్క కూతురు, ఎప్పట్నుంచో కాలిఫోర్నియాలో, అంటే పటంలో ఎడమ అంచున ఉండే యోసెమిటీ చూడాలని అడుగుతోంది.

"డాడ్, వేర్ ఈజ్ యోసెమిటీ?"

"పెట్టానుగా అమ్మా, చూడు సరిగ్గా" అన్నాడు.

"కాలిఫోర్నియా సముద్రంలో కలిసిపోయినట్టుంది బావా" అన్నాను నేను. అందరం పడీపడీ నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. అక్క ఒక్కతే నవ్వకుండా గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఇలా వరసలో పెట్టి రాస్తే చంటిపిల్లలకైనా అర్థమవుతుంది. మాకు ఒక్కొక్కటీ విడిగా వచ్చింది, ఒక్కొక్కటీ ఒక నవ్వైపోయింది. బావామరదళ్ళ మధ్య నిజం చెప్పినా నమ్మరు, అదే మా ఖర్మ.

మే ఆఖరి శనివారం రిహార్సల్ అన్నాడు బావ. పొద్దున్నే బయల్దేరి కాథరీన్ ఊరి దాకా వెళ్ళి, సాయంత్రానికి తిరిగి రావాలి. ఆరు వందల చిల్లర కిలోమీటర్లు. అమెరికాలో రోజూ ఇంతే కాబట్టి మన నడుములు ఏమంటాయో చూడాలన్నాడు. ఎప్పుడూ ముందు సీట్లో, ఆయనకి ఎడమ పక్కన, అక్క కూర్చుంటుంది. కూర్చుని దారిపొడుగునా రేడియోలా మాట్లాడుతుంది. "సైకిలు పిల్లోడు చూడండి ఎంత ముచ్చటగా తొక్కుతున్నాడో", "ఇవాళ బిన్నులు పెట్టే రోజు కామోసు", "ఆ పక్క కారు రంగు బాగుంది కదండీ". ఆ వాగుడుకి నేను అక్కని ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు.

ఆ రోజు సాహిత్య ముందు సీటెక్కేసింది.

"నేను కూర్చుంటా దిగవే" అంది అక్క.

"నో అమ్మా, ఐ గెట్ కార్‌సిక్ ఎట్ ద బ్యాక్. అండ్ ఐ హావ్ టు డూ ద మ్యాప్స్."

"చిన్నపిల్లతో పంతమేందే శేషూ, ఎక్కు" అన్నాడు బావ.

అక్క సాహిత్య వెనక సీట్లో కూర్చుంది, పక్కన నేను. మా వెనక మా ఆయన, పదేళ్ళ మా అమ్మాయి తన్మయి. అక్క ఆనుకోలేదు. ముందు సీటు పట్టుకుని, మెడ చాపి, కిటికీలోంచి రోడ్డంచు వంకే చూస్తోంది.  "కడుపులో తిప్పుతోందా?" అన్నాను. రోడ్డంచు మీంచి చూపు తిప్పలేదు.

పైన్ క్రీక్ ఊరు దగ్గరపడుతుండగా రోడ్డు పని జరుగుతోంది. రోడ్డుకి ఎడమ అంచున, నారింజరంగు చొక్కా వేసుకుని, స్టాప్ బోర్డు పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. తెల్లటి ఎండలో అర కిలోమీటరు నుంచే కనపడుతున్నాడు. బావ వేగం తగ్గించలేదు. తగ్గిస్తాడులే అనుకున్నాను. ఇంకా తగ్గించలేదు. మనిషి గడ్డం కనపడింది.

"ఎడమ! ఎడమండీ! మనిషి!" అని అక్క అరిచింది.

ఆ మనిషి బోర్డు వదిలేసి గడ్డిలోకి దూకాడు. ఎడమ అద్దం బోర్డుకి తగిలి ఠపీమంది. సాహిత్య కెవ్వుమంది. బావ అప్పుడు బ్రేకు తొక్కాడు.

"ఏందది? రాయి ఎగిరిందా?" అన్నాడు.

నటన కాదు. నాకు ఆయన ముఖం ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఆయనకి నిజంగా అక్కడ మనిషి లేడు.

ఆ పనివాడు బూతులు తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి, కిటికీలోంచి బావని చూసి ఆగిపోయాడు. ఆ రోడ్డు మీద బావని ఎరగనివాడు లేడు.

"శ్రీ? ఐ వాజ్ రైట్ దేర్, మేట్."

"నువ్వు నిలబడే చోటు సరిగా లేదు, ఇంకా వెనక్కుండాలి" అని బావ ఇంగ్లీషులో అతనికే నెమ్మదిగా బోధించాడు. అతను తల గోక్కుని సారీ చెప్పాడు. చచ్చిపోబోయినవాడు చంపబోయినవాడికి సారీ చెప్పాడు! ఆయన మంచిపేరు ఆయన్ని ఆ పూట కాపాడింది. 

పైన్ క్రీక్ పార్కులో బల్ల మీద పులిహోర పెట్టాం. బావ తిన్నాడు. కుడిసగం తిని, అయిపోయినట్టు చెయ్యి కడుక్కోబోయాడు. అక్క కంచాన్ని అరచుట్టు తిప్పింది. "అరె, ఇంకా ఉందే" అని ఆయన మిగతా సగం తిన్నాడు. అక్క చెయ్యి ఎంత అలవాటుగా తిప్పిందంటే, అది ఆ రోజు మొదలుపెట్టిన పని కాదు.

అక్కని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఎప్పట్నుంచే?"

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడింది. రెట్టించాను.

"మార్చి నించి. తనకి కనపడట్లేదని ఆయనకే తెలీదే."

"డాక్టరుకి చూపించకుండా నీ రేడియో వాగుడుతో బండి నడిపిస్తున్నావా? అందులో మనిద్దరి పిల్లలూ ఉన్నారే!"

"నెమ్మదిగా. డాక్టరంటే లైసెన్సు లాగేసుకుంటారు. ఆయన చేతిలోంచి స్టీరింగు తీస్తే ఆయన మిగలడే బిందూ. ఈ ఒక్క ట్రిప్పూ అవనీ. వచ్చాక నేనే తీసకపోతా. అక్కడా పక్కన నేనే కూర్చుంటాగా."

"అక్కడ నువ్వు కుడిపక్క కూర్చుంటావే పిచ్చిదానా!"

అక్క నా నోరు మూసేసింది. తడిచెయ్యి, కుళాయి నీళ్ళు కారుతున్నాయి. "అనొద్దు. బయల్దేరే ముందు అనొద్దు. నాన్నకి అన్నాను చూడు. ఈసారి నువ్వు అనొద్దు" అంది. నా అక్క ఏడుస్తుంటే నేనెప్పుడూ చూడలేదు, నాన్న పోయినప్పుడు కూడా. సరేనన్నాను.

సాహిత్య బెదిరిపోయిందని కాథరీన్ మానేసి అక్కణ్ణుంచే వెనక్కొచ్చేటప్పుడు "నేను తోలతా బావా" అంటే, "మరదలు తోలితే డార్విన్ బదులు దేశం ఆ చివర పెర్త్‌లో తేలతాం" అని తాళాలు ఇవ్వలేదు. అక్క ముందు కూర్చుంది. "వాలబీ చూడండి, బుల్లి కంగారూలా", "ఆ చెట్టు కింద కారవాను", "బోర్డు మీద ఏం రాసుందండీ" అంటూ రెండున్నర గంటలు గొంతు పోయేలా మాట్లాడింది. ఒక్కో మాట ఎందుకో నాకిప్పుడు తెలుసు. ఎదురుగా రోడ్ ట్రెయిన్ వచ్చినప్పుడల్లా వ్యాను ఊగింది. నేను తన్మయిని నా పక్కకి లాక్కుని, కుడి సీటుకేసి అదుముకుని కూర్చున్నాను.

తొమ్మిది రోజులు. బావ ప్రతి బుధవారం, శనివారం తన్మయిని ఈత క్లాసుకి దింపుతాడు. ఆ బుధవారం ఫోను చేసి దానికి జలుబన్నాను. శనివారం తగ్గలేదన్నాను. "మిరియాల పాలు పట్టవే" అన్నాడు. అది పెరట్లో గంతులేస్తోంది. ప్రతి పూటా ఈ రోజు చెబుతాననుకున్నాను. శుభం పలకరా మంకెన్నా అంటే ఇంకేదో కూశాడన్న సామెత గుర్తొచ్చేది. అక్క తడిచెయ్యి గుర్తొచ్చేది. ఒకవేళ నేనన్నాక నిజంగా ఏదైనా అయితే, అమ్మ అక్కని చూసినట్టు అందరూ నన్ను చూస్తారనిపించేది. నాకు తథాస్తు దేవతల మీద నమ్మకం లేదు. అయినా ఆ తొమ్మిది రోజులూ భయపడ్డాను.

తొమ్మిదో రోజు సోమవారం, రాజుగారి పుట్టినరోజుకి ఇక్కడిచ్చే సెలవు. అందరం బావ ఇంట్లో ఉన్నాం. సాహిత్య, తన్మయి వెనక పెరట్లో ఉన్నారు. బావ గోడ ముందు కర్రపుల్ల పట్టుకుని మా ఆయనకీ నాకూ క్లాసు తీసుకుంటున్నాడు.

"ఇక్కడికీ అక్కడికీ తేడా ఒక్కటే. స్టీరింగు ఎడమన ఉంటది. మనం కుడిన పోతాం. ఎదురొచ్చే బండ్లన్నీ మన ఎడమ పక్క నించే వస్తయి. ఎడమ పక్కన కన్నేసి ఉంచాల, అంతే. పెద్ద ఇదేం కాదు."

నా నోరు తెరుచుకుంది.

"బావా, నీకు ఎడమ పక్క కనపడటం లేదు."

"బిందూ!" అని అక్క వంటింట్లోంచి అరిచింది.

"ఆపవే అక్కా. బిన్ను నీకు కనపడలేదు బావా. స్తంభం కనపడలేదు. పైన్ క్రీక్ దగ్గర బోర్డు పట్టుకున్న మనిషి కనపడలేదు. అది రాయి కాదు. నువ్వు మమ్మల్ని చంపేస్తావు. మొదటి రోజే చంపేస్తావు."

ఆయన ముందు నవ్వాడు. "శుభమా అని వెళ్తుంటే ఏంది మరదలా ఈ..." అంటూ అక్క వైపు చూశాడు. గుమ్మంలో అక్క చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. నవ్వు ఆగిపోయింది. కాసేపు పుల్లతో అరచేతిలో కొట్టుకున్నాడు.

"సరే. మాటలెందుకు, టెస్టు చేద్దాం" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, ఆఫీసులో మాట్లాడే గొంతు. "నేను ఇదిగో, ఈ జాయన్ చుక్క మీద చూపు పెడతా, కదిలించను. నువ్వు నాకు ఎడమ పక్కన నుంచుని చెయ్యెత్తు. కనపడగానే చెప్తా."

గోడకెదురుగా నిలబడ్డాడు. నేను ఆయన ఎడమ భుజం పక్కకెళ్ళాను.

"ఊఁ, ఎత్తు."

మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎత్తవే."

అక్క గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకేసింది.

"ఎత్తమంటే ఎత్తవేందే?"

"ఎత్తే ఉంచాను బావా."

"ఊపు."

"ఊపుతున్నాను."

తల తిప్పాడు. ముఖానికి జానెడు దూరంలో నా చెయ్యి కనపడి ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. ఆ చేతిని, నన్ను, అక్కని వరసగా చూశాడు. మళ్ళీ గోడ వైపు తిరిగి, ఈసారి తలంతా తిప్పి, షీటులో ఎడమన ఖాళీగా ఉన్న తెల్ల కాగితం మీద చెయ్యి పెట్టి తడిమాడు. నాకు ఏడుపాగలేదు.

"శేషూ, నీకు తెలుసా?"

"మార్చి నించి తెలుసండీ."

ఆయన నావైపు తిరిగాడు.

"నీకు?"

"పైన్ క్రీక్ నించి."

"తొమ్మిది రోజులు" అన్నాడు. "రోజూ బండి తీశానే. శేషు లేకుండా తీశా. బుధవారం బడి వదిలే టైముకి ప్రైమరీ స్కూలు ముందు నించి పోయా. ఎడమ పక్కే గదా గేటు." చేతిలో పుల్ల కింద పెట్టాడు. "తన్మయికి జలుబన్నావు."

"జలుబు లేదు బావా."

"అదే అనుకుంటున్నా. నీ బిడ్డని నా బండిలోంచి దింపేసుకున్నావు." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, తిరిగి అరిచేదాన్ని. "రోడ్డు మీద గుంట ఉందని తెలిసి, బోర్డు పెట్టకుండా, తన బండి మాత్రం పక్క నించి తప్పించుకుని పోయినోణ్ణి ఏమంటారే బిందూ?"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఒకటంటే నేను రెండు అనకపోవడం అదే మొదలు. నా ముఖం కనపడటం కోసం ఆయన తల పూర్తిగా ఎడమకి తిప్పుకుని, జవాబు కోసం అలాగే నిలబడ్డాడు.